చెల్లెలి గొంతు టైపు చేసిన రోజులు

మొన్న మధ్యాహ్నం క్యాన్‌బెరాలో, హారిసన్‌లోని మా అమ్మాయి ఇంట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ టీవీ ముందు కూర్చున్నాను. ఎక్కడో జరిగిన ఒక ఘోరం గురించి చెబుతూ, మనుషులు ఇలాంటి పనులు ఎందుకు చేస్తారో వివరించడానికి ఒక నిపుణురాలిని పిలిచామన్నారు. తెరమీదికి వచ్చింది మా పిన్ని కూతురు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, రంగు వేసుకోవడం మానేసినట్టుంది, అదీ ఆమెకు నప్పింది. నప్పింది అని మనసులో అనుకున్నానో లేదో, గుండెల్లో పాత మంట ఒకటి కదిలింది. అరవై దాటాక కూడా పోలేదన్నమాట. నా ఈడువాళ్ళలో చాలామందికి ఈ మంట తెలిసే ఉంటుంది గాని పైకి ఒప్పుకునేవాళ్ళు తక్కువ. నేను ఒప్పుకుంటున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆమె నాకంటే నాలుగేళ్ళు చిన్నది. తెనాలిలో మా రెండు ఇళ్ళూ ఒకే వీధిలో ఉండేవి. లెక్కలు నేనే చెప్పేదాన్ని, ఇంగ్లీషు వ్యాసాలు నేనే దిద్దేదాన్ని, ఇద్దరిలో తెలివైనది ఎవరని అడిగితే వీధిలో అందరూ నన్నే చూపించేవారు. మెడిసిన్ ఎంట్రన్సు నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ కొద్దిలో తప్పిపోయింది. ఆమె మొదటిసారే కొట్టింది. నేను సైకాలజీ ఎమ్మేలో చేరాను, మనుషుల లోపల ఏముంటుందో తెలుసుకోవాలన్న పిచ్చి అప్పటికే పట్టుకుంది నన్ను. ఆఖరి పరీక్ష రాసిన నెలలోపే పెళ్ళయిపోయింది, పుస్తకాలు అట్టపెట్టెలోకి వెళ్ళాయి. ఆమె డాక్టరయింది, డాక్టర్నే చేసుకుంది, ఇద్దరూ ఇంగ్లండు మీదుగా సిడ్నీ వచ్చి స్థిరపడ్డారు. అక్కడ ఏ చదువు చదివిందయ్యా అంటే మనోవైద్యం. అందులోనూ హత్యలూ దాడులూ చేసినవాళ్ళ మనసులు పరీక్షించి కోర్టుకు నివేదిక ఇచ్చే విభాగం. లోకంలో ఇన్ని శాఖలుండగా సరిగ్గా నేను వదిలేసిన దాన్నే ఎత్తుకుని అంత ఎత్తుకు వెళ్ళింది. నన్ను ఏడిపించడానికే చేసిందని కొన్నేళ్ళు నిజంగానే నమ్మాను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోయి కూలబడతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో మా ఆయనకు ఒక బ్యాంకు పని మీద సిడ్నీ వీసా వచ్చింది. వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రి వెనక రెండు గదుల ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం. ఆయన పొద్దున వెళితే పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసుకుంటూ కూర్చునేవారు. మా అమ్మాయి బడికి వెళ్ళేది. నేను గోడలు చూసుకుంటూ ఉండేదాన్ని. అప్పుడు మా పిన్ని కూతురు ఒకరోజు వచ్చి, తను పనిచేసే పారమటాలోని క్లినిక్కులో టైపిస్టు మానేసిందనీ, నా ఇంగ్లీషు మంచిది కదా, చేరకూడదా అనీ అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. నేను మాత్రం వ్యాసాలు దిద్దిన చేత్తో ఇప్పుడు ఆమె మాటలు టైపు చేయాలా అనుకుంటూనే చేరిపోయాను.

ఆ పని ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. డాక్టర్లు జైలుకు వెళ్ళి నేరస్థుడితో గంటలకొద్దీ మాట్లాడి వచ్చి, చూసినదీ విన్నదీ చిన్న టేపు రికార్డరులో చెప్పేవారు. నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడలు నొక్కితే టేపు కదిలేది, వదిలితే ఆగేది. కామా, ఫుల్‌స్టాప్, కొత్త పేరా అంటూ రోజంతా మా చెల్లెలి గొంతు నా చెవిలోనే. మధ్యమధ్య నా కోసం తెలుగులోకి దిగేది. అక్కా, ఈ ముక్క వేయకు, ఆయన ఏడుస్తూ చెప్పాడు, అనేది. ఒకసారి ఎవరితోనూ మాట్లాడని ఒక హంతకుడి ఎదుట ఇరవై నిమిషాలు తనూ ఏమీ మాట్లాడకుండా కూర్చుందట, చివరికి ఆయనే నోరు విప్పి తన కుక్క గురించి చెప్పాడట. అది టైపు చేస్తూ ఒకటే అనుకున్నాను. మనుషుల్ని చంపినవాళ్ళు కూడా పోయి పోయి ఈమె దగ్గరే మనసు విప్పాలా? రిపోర్టు చివర ఆమె పూర్తి పేరు, డిగ్రీలు. వాటికింద ఓ మూల, టైపు చేసింది ఎవరో తెలియడానికి చిన్న అక్షరాల్లో నా పొడి అక్షరాలు రెండు. వాటిని నేనే టైపు చేసుకునేదాన్ని.

ఆమె వేసుకున్న కోటు కొత్తదా పాతదా, ఏ పెన్నుతో సంతకం పెట్టింది, పెద్ద డాక్టరు ఆమెను మెచ్చుకున్నప్పుడు ఏ మాట వాడారు, ఇవన్నీ ప్రయత్నించకుండానే నాకు గుర్తుండిపోయేవి. ఇంటికి వచ్చి వంట చేస్తూ వాటిని ఒక్కొక్కటే మళ్ళీ తీసి చూసుకునేదాన్ని. ఆ అలవాటుకు అసూయ అని పేరుందని అప్పుడు ఒప్పుకోలేదు.

కంప్యూటర్లు కూలకుండానే కొత్త సంవత్సరం వచ్చింది. కొన్ని నెలల తరువాత ఒక కేసు వచ్చింది, ఆనవాళ్ళు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతాను. ఊరి చివర ఇద్దరు అన్నదమ్ములు మొక్కల నర్సరీ నడిపేవారు. పేరంతా తమ్ముడికే వచ్చింది. ఒకరోజు అన్న తాగి వచ్చి పారతో తమ్ముడి తలమీద కొట్టాడు. తమ్ముడు బతికాడు గాని మళ్ళీ పనిచేసే స్థితిలో లేడు, అతని భార్యే నర్సరీ చూసుకుంటోంది. శిక్ష వేసే ముందు ఈ మనిషి వల్ల ఇకమీద ప్రమాదం ఎంత అని కోర్టు అడిగింది. ప్రమాదం తక్కువంటే వాళ్ళమ్మ ఇంట్లో ఉండేటట్టు పంపే అవకాశం ఉంది. ఆ ఇల్లు నర్సరీని ఆనుకునే ఉంది.

ఆ రిపోర్టు టేపు శుక్రవారం నా బల్లమీదికి వచ్చింది. తాగుడులో ఒక్కసారిగా వచ్చిన కోపం, చేసినదానికి బాధపడుతున్నాడు, ప్రమాదం తక్కువ, అని మా చెల్లెలి అభిప్రాయం. జ్ఞాపకశక్తి బాగుంది అనే చోట రెండు ఉదాహరణలు చెప్పింది. ఘటన రోజున తమ్ముడు వేసుకున్న నీలం చొక్కాకు పై బొత్తాం పెట్టుకోలేదని ఆయనకు గుర్తుందట. కోర్టుకు వచ్చిన మరదలి చేతిలో కొత్త ఆకుపచ్చ సంచీ ఉందని కూడా చెప్పాడట. ఆమెకేం, అన్నీ కుదిరాయి, అన్నాడట నవ్వుతూ.

నా కాలు పెడలు మీద నుంచి లేచింది. టేపు ఆగింది.

నాకు తెలిసిపోయింది. ఆ మనిషిది ఒక్కసారి వచ్చిన కోపం కాదు. అయినా మిగతా రిపోర్టు పూర్తిగా టైపు చేసి, ఫైలులో పెట్టి, ఇంటికి వచ్చేశాను. సోమవారం ఆమె సంతకం పెడుతుంది, కోర్టుకు వెళుతుంది, ఎప్పుడో ఒకప్పుడు తప్పని తేలుతుంది. అంతమంది మెచ్చుకునే మనిషి ఒక్కసారి తప్పు చేస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది నాకు. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది మా చెల్లెలు కాదు, గోడ అవతలి మరో ఆడమనిషి. ఆమెను తలపులోకి రానివ్వకుండా శుక్రవారం గడిపేశాను.

శనివారం మా చెల్లెలి కొత్త ఇంట్లో గృహప్రవేశం. పొద్దున పూజ, మధ్యాహ్నం పెరట్లో బార్బెక్యూ. అప్పటికి హారిస్ పార్క్‌లో ఇప్పుడున్నన్ని మనవాళ్ళ దుకాణాలు లేవు, ఉన్న రెండు మూడింటిలోనూ తిరిగి సరుకులు తెచ్చింది నేనే. వచ్చినవాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. మీ చెల్లెలు మనిషిని ఒక్క చూపులో చదివేస్తుంది, అన్నారు మా ఆయన కూడా, అరిటాకులు మడుస్తూ. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను: కిటికీ తెరలు, కొత్త సోఫా, ఆమె చెవులకు ఉన్న ముత్యాలు. మా ఆయన ఆఫీసు స్నేహితుడి భార్య, హైదరాబాదు ముస్లిం ఆవిడ, నా పక్కకు వచ్చి, మీ సిస్టర్ ఇల్లు బహుత్ అచ్ఛా ఉంది కదండీ, అంది ముచ్చటగా.

"ఆమెకేం, అన్నీ కుదిరాయి," అన్నాను నవ్వుతూ.

అన్నాక నా మాట నాకే వినిపించింది. నిన్న చెవిలో విన్న మాటే అది, ఆ నవ్వుతో సహా. కాసేపు పెరట్లో నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి, తరువాత వంటింట్లోకి వెళ్ళాను. మా చెల్లెలు ఒక్కతే పెరుగన్నం కలుపుతోంది.

"ఆ నర్సరీ ఆయన రిపోర్టుకి ఇంకా సంతకం పెట్టకే," అన్నాను.

"ఏమైందక్కా, స్పెల్లింగ్ మిస్టేక్సా? మండే మార్నింగ్ చూసేస్తాలే."

"స్పెల్లింగులు కాదు. మరదలి సంచీ సంగతి మెమరీ కింద రాశావు."

"అవును. కలర్‌తో సహా గుర్తుంది కదా ఆయనకి. మెమరీ ఫైన్ అని పెట్టా."

"అది కొత్త సంచీ అని ఆయనకెలా తెలుసు? పాతది ఎలా ఉండేదో తెలిస్తేనే కదా! తాగిన మైకంలో కొట్టినవాడికి బొత్తాలెందుకు, సంచీలెందుకు? ఏళ్ళ తరబడి చూస్తున్నాడే వాళ్ళని. తమ్ముడి పని అయిపోయింది, ఇప్పుడు ఆవిణ్ణి చూస్తున్నాడు. నువ్వేమో తీసుకెళ్ళి గోడ పక్కన పెట్టమంటున్నావు."

ఆమె చెయ్యి కడుక్కుంది. తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"నీకెలా తెలిసిందక్కా ఇదంతా?"

చదివానని చెప్పవచ్చు. ఎమ్మే చేశాను కదా అని చెప్పవచ్చు.

"ఆ ముత్యాలు నువ్వు పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు కొన్నవి. ఈ గాజులు ఆరు, మొన్నటి వరకు నాలుగే వేసుకునేదానివి. నేనూ చూస్తుంటాను కాబట్టి తెలిసింది."

బయట ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. ఆమె కోపం తెచ్చుకోలేదు, ఆశ్చర్యపోనూ లేదు.

"నాకు తెలుసక్కా," అంది. "నాకు సీటొచ్చిన రోజు నుంచీ తెలుసు."

కాసేపటికి మెల్లగా అడిగింది: "ఆయనలో నిన్ను నువ్వు చూసుకుని భయమేసిందా?"

"వేసింది. నిన్నంతా నోరు మూసుకున్నాను చూడు, అందుకు ఇంకా భయమేసింది."

"ఆయన నవ్వుతూ చెప్పాడక్కా. నీకు వేసిన ఈ భయం లేదు ఆ మొహంలో. ఐ మిస్డ్ ఇట్," అంది, కుర్చీలో కూర్చుంటూ.

ఆ ఒక్క ప్రశ్న ఎంత నెమ్మదిగా అడిగిందో, నా చేత నిజం ఎలా చెప్పించిందో చూసి, ఆ క్షణంలోనూ నాకు అసూయే కలిగింది.

సోమవారం కోర్టును గడువు అడిగి మళ్ళీ జైలుకు వెళ్ళింది. మరదలు అంతకుముందు ఏ సంచీ పట్టుకునేదని మాత్రమే అడిగిందట. ఆయన పెళ్ళినాటి నుంచి మొదలుపెట్టి ఒక్కో సంచీ, ఒక్కో చెప్పుల జత, ఒక్కో కారు, ఆగకుండా చెప్పుకుంటూ పోయాడు. ఆ టేపూ నేనే టైపు చేశాను, చాలాచోట్ల కాలు ఎత్తి టేపు ఆపుకుంటూ. కొత్త రిపోర్టు చూసి కోర్టు ఆయన్ని తల్లి ఇంటికి పంపలేదు. శిక్షతో పాటు కాపలా ఉన్నచోట చికిత్స జరిపించాలంది. ఆ మరదలికి ఈ సంగతి ఏనాటికీ తెలిసి ఉండదు. రిపోర్టు ఎంతో లోతుగా ఉందని జడ్జి అన్నారట. మా చెల్లెలు క్లినిక్కులో అందరి ముందు, ఇది మా అక్క పట్టుకుంది, అని చెప్పింది. పెద్ద డాక్టరు చిన్నపిల్లను మెచ్చుకున్నట్టు నావైపు తల ఊపారు.

ఆ తరువాత వారం ఆమె నా బల్లమీద దరఖాస్తు ఫారాలు పెట్టింది. అక్కా, యూనివర్సిటీకి వెళ్ళు, నీ ఎమ్మేని ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారు, లెటర్ పెద్ద డాక్టర్ ఇస్తానన్నారు, అంది. చూద్దాంలే అన్నాను. ఇంతలో మా ఆయన కాంట్రాక్టు ముగిసింది. తేదీల పని అయిపోయాక ఎంతోమందిని పంపించేస్తున్న రోజులవి. క్యాన్‌బెరాలో ప్రభుత్వ కొలువు దొరికితే మూటాముల్లే సర్దుకుని వచ్చేశాం. చదువు అందుకే ఆగిపోయిందని అందరికీ చెప్పాను, మా అమ్మాయికి కూడా. నిజానికి క్యాన్‌బెరాలోనూ ఆ చదువు ఉంది. ఆ దారిలో అడుగు పెడితే జన్మంతా ఆమె వెనకే నడవాలి, నా వ్యాసాలు ఆమె దిద్దాలి. అది నేను ఓర్చుకోలేకపోయాను. ఒక దుకాణంలో, తరువాత ఒక బడి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను.

ఈమధ్య ఫోనులో మాట్లాడుతుంటే ఆమె చెప్పింది, ఇప్పుడు డాక్టరు మాట్లాడుతుంటేనే అక్షరాలు తెరమీద పడిపోతాయట, టేపులూ లేవు, టైపిస్టులూ లేరు. తప్పులు పెద్దగా రావట. మా మనవరాలు పక్కనుంచి విని, దట్స్ సో మచ్ ఈజియర్, అమ్మమ్మా, అంది. సులువే, కాదనను. ఇప్పుడు మా చెల్లెలి గురించి నాకు తెలిసేది ఎప్పుడైనా ఫోనులో చెప్పినంత, పండక్కి పంపే ఫొటోల్లో కనిపించినంత. అంతదూరం నుంచి చూస్తే అసూయ కూడా సరిగ్గా పుట్టదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక మనిషి ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా చెవిలో పడేటంత దగ్గరగా, ఆ మనిషిని ఓర్వలేకపోతూనే, ఆ మనిషి మాట ఒక్కటి జారిపోకుండా వింటూ గడిపిన రోజులవి. అంత శ్రద్ధగా ఆ తరువాత నేను ఎవరినీ వినలేదు.