కొట్టం గుమ్మంలో చీకటి

పల్లెదారుల వెంట పాత పశువుల కొట్టాలను ఫొటోలు తీయడం నా పిచ్చి. చిక్కడపల్లిలో బస్సు ఎంతకీ కదలడం లేదు. ఊరికే కూర్చోలేక ఫోన్లో ఆ ఫొటోలను వెనక్కీ ముందుకూ జరుపుతున్నాను. పక్కసీటులో సిమెంటు మరకల చీరతో పాలమూరు కూలి మనిషి.

"అన్నా, జర ఆపు" అంటూ తనే వేళ్లతో ఒక కొట్టం గుమ్మాన్ని పెద్దది చేసింది. లోపలంతా చీకటి.

"ఏం చూస్తున్నవక్కా?"

"తలుగు. ఎద్దును అమ్మినా కట్టేసిన తాడు ఇయ్యం గద. అది గోడకుంటే మల్ల ఎద్దు వస్తదని. మా కొట్టంల ఇంకా ఉన్నది. మా ఆయన పారేస్తనంటడు, నేను పారెయ్యనియ్య."

నారాయణగూడలో దిగిపోయింది.

ఫొటోలోని ఆ కొట్టం ఏ ఊరిదో నాకు గుర్తులేదు. ఇప్పటికీ బస్సు ఆగితే చాలు, ఆ ఫొటో తెరిచి, గుమ్మంలోని చీకటిని పెద్దది చేస్తూ కూర్చుంటాను.