అక్క నొక్కనన్న బటన్

మిరపకాయల కాలంలో కూడా ఉప్పల్‌లో నాకు తెలిసిన అక్క నడిపే పిండి గిర్నీ ఖాళీగా ఉందంటే తప్పు నాదే. అంతకు ముందు గిర్నీ నాచారంలో ఉండేది. కారం, పసుపు పట్టించుకునేవాళ్లకు దారి తెలియాలని, వెబ్‌సైట్లు చేసి బతికే నేనే ఆమెకు చిన్న వెబ్‌సైటు చేసిపెట్టాను. అడ్రసు చూపించడానికి ఉచితంగా దొరికే ప్లగిన్ ఒకటి దానికి తగిలించి, అందులో అడ్రసు ఎలా మార్చాలో నేర్పాను. గిర్నీ ఉప్పల్‌కు మారాక, మార్చుకుంటుందిలే అని ఊరుకున్నాను.

మార్చలేదు. పాత గిరాకీ అంతా మూటలు మోసుకుని నాచారంలో మూసిన షట్టర్ దాకా పోయి, పక్క గిర్నీలో పట్టించుకుంటున్నారని తెలిసింది. వెంటనే బండి తీశాను. సాయానికే బయల్దేరినా, దారంతా విసుక్కుంటూనే వెళ్లాను.

"రెండు నిమిషాల పని అక్కా. వారమాయె!"

ఆమె ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపింది. అడ్రసు రాసే చోటును కప్పేసి ప్లగిన్ వాళ్ల ప్రకటన: డబ్బు కట్టి పెద్ద ప్లాను కొనండి. కొననంటే నొక్కడానికి కింద ఒకే బటన్. దాని మీది ఇంగ్లీషును ఆమె ఫోన్‌తో తెలుగు చేసి చదువుకుంది: "వద్దు, నా వ్యాపారం పెరగడం నాకు ఇష్టం లేదు."

"పొద్దుగాల దీపం ముట్టిచ్చి కూసుంటి తమ్మీ. గా మాట మీద ఏలెట్ల పెడ్తా? నవ్వుతవని నీకు ఫోన్ జెయ్యలె. 'తర్వాత సూస్తం' అని రాస్తే వాళ్లదేం పోతుండె?"

నిజంగానే నవ్వబోయి ఆగిపోయాను. బియ్యం డబ్బా ఖాళీ అయితే మా అమ్మ లేవు అనదు, నిండుకున్నాయి అంటుంది. ఆ ఇంట్లో పెరిగి కూడా ఇలాంటి బటన్లు ఎన్ని నొక్కానో, ఒక్కటీ సరిగ్గా చదవలేదు. ఆ మాట రాసినవాడి మీద ఒళ్లు మండింది. వాడిదీ ఉద్యోగమే, పైనుంచి ఎవరో అలా రాయమని ఉంటారు. అయినా మండింది.

"నేను నొక్కుతలే అక్కా."

"నువ్వూ వద్దు. నీకూ పనులు రావాలె గదా."

ప్లగిన్‌నే మొత్తంగా పీకేసి, ఉప్పల్ అడ్రసు నా చేత్తో పేజీలో రాసిపెట్టాను. రెండు నిమిషాల పనికి గంటన్నర పట్టింది. ఆ బటన్ మాత్రం ఇద్దరం నొక్కలేదు.