బుయ్యిమన్న స్పీకర్లు, మా అత్తమ్మ అరచేయి

మా అత్తమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్ ముందర వ్యాన్‌లోంచి స్పీకర్లు దింపుతున్నాను. ఫోన్ చేసింది నా భార్య. కొన్నాళ్లుగా ఆయాసం ముదిరింది కాబట్టి అనుకోని కబురేమీ కాదు. అయినా చేతిలో ఉన్న పెట్టెను ఎక్కడ దించాలో తోచక కాసేపు అట్లాగే నిలబడ్డాను. పని నా పార్ట్‌నర్‌కు అప్పజెప్పి సిరిసిల్ల బస్సెక్కాను. అత్తల గురించి రాసే అల్లుళ్లు తక్కువ, రాసినా ఎక్కువమంది ఎక్కిరించడానికే రాస్తారు. నాకు ఆ అవకాశం ఆమె ఇవ్వలేదు.

ఆమె పనిచేసింది సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో. మరమగ్గాలను మా దిక్కు సాంచాలు అంటారు. మగవాళ్లు సాంచాలు నడిపితే ఆమె ఒక మూలన కూర్చొని నూలు కండెలు చుట్టేది. ఆ మోతలో ఏళ్లకేళ్లు కూర్చుంటే చెవులు మిగలవు, ఆమెకూ మిగల్లేదు. పెదవులు చూసి మాట పోల్చుకునేది. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కాబట్టి, నా గురించి కూతురి చెవిలో చెప్పిన రహస్యాలన్నీ వాడకట్టుకు తెలిసేవి. ఫోన్ ఆమెకు ఒకదిక్కే పనిచేసేది. చేసి, "అల్లుడా, తిన్నవా, పైలం, వైర్లు తడవనియ్యకు" అని పెట్టేసేది. నేను హలో అనే లోపల మాట్లాడటం అయిపోయేది.

వినలేని పనంతా అరచేయితో చేసుకునేది. ఫ్రిజ్ నడుస్తున్నదో లేదో తలుపు మీద చెయ్యి పెట్టి చూసేది. నా బిడ్డకు దగ్గు వస్తే వీపు మీద చెయ్యి పెట్టి, తగ్గిందో లేదో డాక్టరు కంటే ముందు చెప్పేది. కండెల మిషన్ దగ్గర అలవాటైన చెయ్యి అది. మిషన్ గాడి తప్పితే చెవికంటే ముందు చేతికి తెలుస్తుందనేది.

నాకు పిల్లనివ్వడం ఆ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. నాది కోరుట్లలో డీజే సౌండ్ పని. మా మామ అప్పటికే లేడు, పెద్దరికం అత్తమ్మ తమ్ముడిది. "పెండ్లిళ్ల కాడ పోరగాండ్లను ఎగిరిపిచ్చేటోనికి పిల్లనిస్తవా అక్కా?" అని ఆయన నలుగురిలో అడిగాడట. ఆమె "ఇస్తం" అన్నది. ఎందుకని ఎవరు అడిగినా చెప్పలేదట. కాబట్టి నేను ఏం తప్పు చేసినా అది ఆమె మాట మీద పడుతుందని పెళ్లయిన రోజు నుంచీ నాకు తెలుసు.

పడే రోజు రానే వచ్చింది. అది మా మరదలి లగ్గం. ఇంటి ముందర వాడకట్టులోనే పందిరి. సౌండ్ నేనే పెడతానని ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. పొద్దున్నే స్పీకర్లు నిలబెట్టి, మిక్సర్, ఆంప్లిఫయర్ పెండ్లి ఇంటి బోర్డులో పెట్టాను. అక్కడ సందు లేక ల్యాప్‌టాప్ చార్జర్ మాత్రం పక్కింటి కిటికీలోంచి వైరు లాగి వాళ్ల బోర్డుకు పెట్టాను. పాట వేసి చూశాను, మైకులో హలో అన్నాను, అంతా భేషుగ్గా ఉంది. రెండు దిక్కులా షెడ్లలో సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. సిరిసిల్లలో సాంచాల మోతను ఎవరూ మోతగా లెక్కపెట్టరు, కొన్నాళ్లు అత్తగారింట్లో తిన్న అల్లుడు కూడా లెక్కపెట్టడు. నా తప్పు అక్కడే జరిగింది.

లగ్గం గడియ దగ్గర పడగానే షెడ్ల ఆసాములు సాంచాలు బంద్ పెట్టించారు. వాడకట్టులో లగ్గమైతే ఆ మర్యాద చేస్తారు. ఒక్కసారిగా వాడంతా చప్పబడింది. ఆ నిశ్శబ్దంలో అయ్యగారి మంత్రాల వెనక బుయ్యిమని ఒక హోరు, తగ్గదు, పెరగదు. అత్తమ్మ తమ్ముడు చెవి పెట్టి విని, ఇంకా ఏదో ఒక సాంచ నడుస్తున్నది, పోయి ఆపించి రమ్మని మనిషిని పంపాడు. ఆ మనిషి ప్రతి షెడ్డూ తిరిగి వచ్చి, అన్నీ ఆగే ఉన్నాయని చెప్పాడు. అప్పుడు పందిట్లో తలలన్నీ మెల్లగా నా దిక్కు తిరిగాయి.

ఆ తర్వాత నేను చేసినవి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది, అప్పుడు మాత్రం చెమట పట్టింది. బేస్ తగ్గించాను, ట్రెబుల్ పెంచాను, ఒక వైరు పీకి ఇంకోటి పెట్టాను, మళ్లీ పాతదే పెట్టాను. హోరు అట్లాగే ఉంది. చుట్టూ చేరినవాళ్లు తలా ఒక సలహా ఇస్తున్నారు. అందులో ఒకాయన, ప్లగ్గుకు పోయే ఎర్త్ తీగ కోసేస్తే అదే పోతుంది అని కత్తెర కోసం చూస్తున్నాడు. బావా, ఇదేనా నీ పని అన్నట్టు పీటల మీంచి మరదలు చూస్తున్నది. వెనక నుంచి అత్తమ్మ తమ్ముడి గొంతు వినిపించింది. "మేం ముందుగాలనే అన్నం" అంటున్నాడు.

మా దిక్కు అత్తలు నలుగురిలో అల్లుడి ఎదుటికి రారు. పెళ్లయినప్పటి నుంచి ఆమె నాతో తలుపు చాటు నుంచే, నా పెదవులు కనపడేంత తొంగి చూసి మాట్లాడింది. ఆ రోజు, కన్యాదానం అయినాక, పీటల పక్క నుంచి లేచి పందిరంతా దాటుకొని నేరుగా నా దగ్గరికి వచ్చింది. హోరు ఆమెకు వినపడదు, నా మొహం కనపడింది అంతే. పసుపు చేత్తోనే స్పీకరు పెట్టెను పట్టుకొని కళ్లు మూసుకున్నది. కళ్లు తెరిచి, కత్తెర అడుగుతున్న ఆయన పెదవులు చూసి తల అడ్డంగా ఊపింది. ఎర్త్ తీగ తెగిన మిషన్‌ను ముట్టి తనతో పనిచేసే ఒకామె పడిపోవడం ఆమె కళ్లారా చూసిందని తర్వాత చెప్పింది.

నా దిక్కు తిరిగి, "అన్నీ ఒక్కపారే ముట్టకు అల్లుడా. ఒక్కటొక్కటి తీసుకుంట రా, నేన్ చెప్త" అన్నది. ఎప్పటిలాగే ఊరంతా వినపడేటట్టు అన్నది.

ఒక్కొక్కటి తీశాను. మైకు వైరు తీస్తే చెయ్యి కదల్లేదు. పందిరి లైట్లు ఆపితే కదల్లేదు. ల్యాప్‌టాప్ నుంచి పాటల వైరు లాగితే హోరు ఆగింది, చెయ్యి లేచింది. అది మళ్లీ పెట్టి, ల్యాప్‌టాప్ చార్జర్ పీకాను. అప్పుడూ లేచింది. నా బుర్రలో అప్పుడు వెలిగింది. రెండిళ్ల కరెంటు, రెండిళ్ల ఎర్త్. పాటల వైరు ఆ రెండింటినీ కలిపి కూర్చున్నది, ఆ తేడా అంతా స్పీకర్లలో హోరై పలుకుతున్నది. బ్యాటరీ మీద నడుపుదామంటే నా ల్యాప్‌టాప్ బ్యాటరీ తలంబ్రాల దాకా కూడా ఆగదు. పెండ్లి ఇంటి బోర్డులో ఒక టేబుల్ ఫ్యాన్ పీకి, చార్జర్ ఆ సందులో, మిక్సర్ పక్కనే పెట్టాను. ఆమె మళ్లీ చెయ్యి ఆనించి చాలాసేపు చూసింది. లేదన్నట్టు తల ఊపి, చీర కొంగు సర్దుకొని పీటల దగ్గరికి వెళ్లిపోయింది. నల్లటి పెట్టె మీద పసుపు చెయ్యి అచ్చు పడింది. ఆ ఏడు వానలకు పోయేదాకా నేను తుడవలేదు.

భోజనాల దగ్గర ఆమె తమ్ముడు ఊరుకోలేదు, డీజే అల్లుడి సంగతి చూసినం అని ఏదో అన్నాడు. ఆమె ఆయన పెదవులు చూస్తూనే ఉన్నది. "పోగన్నంక తెగదా? అతుకుడే మన పని" అని ఆయన విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. ఆయన తల దించుకొని తిన్నాడు. 

ఆ తర్వాత ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ నడుమ పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఒకటి కొన్నాను. అది ఉంటే చార్జర్ ఎక్కడ పెట్టినా ఆ హోరు లోపలికి రాదు. అయినా ఎక్కడ సౌండ్ పెట్టినా ముందు కూలర్లు, జనరేటర్ అన్నీ బంద్ పెట్టించి, ఒక్క నిమిషం ఊరికే వింటాను. టెంటు వాళ్లు నవ్వుకుంటారు. మేడిపల్లి చర్చిలో క్రిస్మస్‌కు అట్లా వింటేనే నక్షత్రానికి కట్టిన లైట్ల నుంచి వచ్చే గుయ్యిమనే చప్పుడు దొరికింది. ఎల్లారెడ్డిపేట దిక్కు పని ఉంటే ఆమెను కూడా వ్యాన్‌లో ఎక్కించుకొని పోయేవాణ్ని. స్పీకరు మీద చెయ్యి పెట్టి, తల ఊపి, కుర్చీ వేసుకొని కూర్చునేది. పాట వినపడకపోయినా ఎగిరేవాళ్లను చూసి భలే నవ్వేది. నాకు పని నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. పని తప్పినప్పుడు పందిరి దాటుకొని వచ్చింది మాత్రం ఆమె ఒక్కతే.

దినాల నాడు చుట్టాలు చాలామంది వస్తారని, నా భార్య మైకు పెట్టమన్నది. పెట్టాను. అందరూ తిన్నాక అత్తమ్మ తమ్ముడు మైకు అడిగాడు. ఆయన చేతికి ఇస్తుంటే నాకు లోపల బెరుకు పోలేదు.

"గీ అల్లున్ని చూద్దామని నేను, అక్క కోరుట్లకు పోయినం" అని మొదలుపెట్టాడు. ఈ సంగతి నాకు తెలియదు, నా భార్యకూ తెలియదు. "ఎవలకు చెప్పలే. ఏదో పెండ్లి, గీయన పాటలు పెడ్తాండు. గా లైట్లు, గా ఎగురుడు చూసి నాకైతే మనసు విరిగింది. అచ్చేటప్పుడు బస్సుల అడిగిన, ఏం జూసి ఒప్పుకున్నవే అని. గప్పుడు చెప్పింది. ఛాయ్ పోసే ముసలామె అచ్చి ఏందో అడిగిందట. గీయన చెవులకున్నయి తీసి, సప్పుడు తగ్గించి, వంగి, ఆమె చెప్పేదాక ఇన్నడట. 'నేను మాట్లాడితే గట్ల ఆగి ఇన్నోళ్లు లేరు తమ్మీ. నా బిడ్డకు గసొంటోడు దొరికిండు' అన్నది."

ఆ ముసలామె నాకు గుర్తు లేదు. ఆ పెళ్లి ఎవరిదో కూడా గుర్తు లేదు. నా భార్య నా పక్కకు వచ్చి నిలబడింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఆయన ఇంకేదో చెప్పబోయాడు, మాట రాలేదు. మైకు మాత్రం నోటి దగ్గర అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు. ఏ హోరూ లేని స్పీకర్లలోంచి ఆ ముసలాయన ఊపిరి ఒక్కటే వాడకట్టంతా వినిపించింది. నా వేలు వాల్యూమ్ మీదే ఉంది. నేను తగ్గించలేదు.