ఎండ దిక్కు సీటు

హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు విమానంలో గంట ప్రయాణం. గోదావరి కనిపించే వైపు కిటికీ సీటు ఎంచుకున్నాను. కింద నది మెరవగానే మా నాన్న, బాపు గుర్తొచ్చాడు.

బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఓ సెలవు రోజు ముగ్గురం గోదావరి ఒడ్డునున్న మంథనికి బయల్దేరితే, బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టాడు. తీరా చూస్తే అది ఎండ పడే వైపు.

"సీటు పట్టుడు గూడ రాదాయె నీకు! గా నీడ దిక్కు ఖాళీ ఉండె గదా," అంది అవ్వ, మా అమ్మ.

"నువ్వు పోయి నీడకు కూసో. నన్ను జర ఎండ సూడనియ్యి."

బాపుకు తెలివి లేదనుకుని, నేనూ అలిగి అవ్వ పక్కకు పోయాను. ఆయన మాత్రం ముఖం ఎండకు పెట్టి, పొలాలను చూస్తూ తనలో తానే నవ్వుకుంటున్నాడు.

వారమంతా భూమి కింద తలదీపం వెలుగులో గడిపే మనిషి ఆయన అని నాకు చాలా ఏళ్లకు తట్టింది. కిటికీ సీటు విలువ అంతగా తెలిసిన ప్రయాణికుణ్ని మళ్లీ చూడలేదు.