పదకొండు దాటితే ఆగిపోయే పాట

బ్రాడీపేటలో కోటేశ్వరి గారింట్లో పని ముగించుకుని బయల్దేరే ముందు ఎలీసమ్మ గేటు దగ్గర ఆగి తన సంచి విప్పి చూపించాలి. టిఫిన్ గిన్నె, మందుల చీటీ, తువ్వాలు. ఆరేళ్లుగా అంతే. ఆ సంచిలో ఏ ఒక్కరోజూ ఆ ఇంటి చెంచా కూడా దొరకలేదు. అయినా చూడటం ఆగలేదు. ఎలీసమ్మా ఏమీ అనలేదు. పైగా అడక్కముందే విప్పి పట్టుకునేది. ఒళ్లు తడిమి పంపే ఇళ్లూ ఉన్నాయి, ఇదే నయం అనుకునేది.

ఆమెది ప్రత్తిపాడు. నలభై ఏళ్లు వచ్చేదాకా మిరప కోతలకీ, పత్తితీతకీ, కల్లాల్లో కాయ ఏరడానికీ వెళ్లింది. భర్త పిచ్చయ్య నడుం పడిపోయాక గుంటూరు చేరి, ఒకే వీధిలో నాలుగిళ్లలో పనికి కుదిరింది. ఆ వీధిలో ఒక ఇంట్లో మాట పుడితే పొద్దుగూకేలోపు మిగతా మూడిళ్లకీ ఫోన్లో చేరిపోతుంది. ఎలీసమ్మ బతుకంతా ఆ నాలుగిళ్లలో తనకున్న మంచిపేరు మీదే నిలబడి ఉంది.

2008 ఎండాకాలంలో కోటేశ్వరి భర్త చైతన్యకృష్ణ ఒక నల్లపెట్టె తెచ్చి హాల్లో షోకేసులో పెట్టాడు. తండ్రి కూడబెట్టిన క్యాసెట్లూ సీడీలూ, మొత్తం నాలుగువేల పాటలు, కంప్యూటర్లోంచి అందులోకి ఎక్కించాడు. పొద్దున ఏడింటికి ఆయన పెట్టె ఆన్ చేసి వెళితే, వంటింట్లోని చిన్న ప్లేయర్‌లోకి వైరు లేకుండానే పాటలు వచ్చేవి. కోటేశ్వరి వంట చేసుకుంటూ వినేది.

ఎలీసమ్మకి ఆ పెట్టె నచ్చలేదు. దాని ముందు ఆకుపచ్చ దీపమొకటి మిణుకుమిణుకుమంటూ ఉండేది. సంచి చూడటం చాలక ఇప్పుడు కెమెరా కూడా పెట్టారేమోనని అనుమానం. అందుకని హాలు తుడిచినంతసేపూ తన చేతులు రెండూ ఆ దీపానికి కనపడేలా తుడిచేది.

పదిహేను రోజులు బాగానే పాడింది. కోటేశ్వరికి దుమ్ము అంటే గిట్టదు. టీవీకీ, మిక్సీకీ కుట్టినట్టే ఆ పెట్టెకీ దళసరి వెల్వెట్‌తో, కుచ్చులు పెట్టి తొడుగు కుట్టింది. ఎలీసమ్మ ఏడింటికి రాగానే తొడుగులన్నీ తీసి, దులిపి, వరండాలో ఆరేసేది. పదకొండింటికి ఆమె వెళ్లాక కోటేశ్వరి వాటిని మళ్లీ తొడిగేది.

అప్పట్నుంచి రోజూ పన్నెండు కాకముందే పాట తెగిపోవడం మొదలైంది.

కంప్యూటర్ మెకానిక్ వీరబాబు వచ్చాడు. తొడుగు తీసి పక్కన పెట్టి కేబుల్ మార్చాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టెని గుర్తుపట్టే నంబరు మారిపోయి అది ప్లేయర్‌కి దొరకడం లేదేమోనని, మారని నంబరు ఇచ్చాడు. అతను ఉన్నంతసేపూ పాడింది. వెళ్లిన గంటకి ఆగింది. మూడోసారి వచ్చినప్పుడు పెట్టె తనలో తాను రాసుకున్న చిట్టా చూశాడు. ఆగిన టైములున్నాయి గానీ కారణం లేదు.

"ఎవరో ఆపుతున్నట్టే ఉంది మేడమ్," అన్నాడు.

కోటేశ్వరి గడియారం వైపు చూసింది. పదకొండింటికి వెళ్లేదెవరు? ఎలీసమ్మ. నిజానికి వీరబాబు వెళ్లాక కూడా ఆగింది. ఆ లెక్కన అనుమానం అతని మీదా పడాలి. పడలేదు. అతనికి కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు. ఎలీసమ్మని మర్నాటి నుంచి హాల్లోకి రావద్దన్నారు.

ఆమె హాల్లోకి వెళ్లలేదు, తొడుగు తీసేవాళ్లూ లేరు. ఆ రోజు తొమ్మిదింటికే పాట ఆగింది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. ముందే ఏదో చేసిపెట్టిందని చైతన్యకృష్ణ తేల్చేశాడు. కోటేశ్వరి ఫోన్ తీసింది. సాయంత్రానికల్లా అదే వీధిలోని వెంకటేశ్వరమ్మ గారు ఎలీసమ్మని పిలిచి, రేపట్నుంచి రావక్కర్లేదని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. మిగతా రెండిళ్లలో బీరువా గదులకి తాళాలు పడ్డాయి.

ఎలీసమ్మకి ఇప్పుడు అందరిమీదా అనుమానమే. మెకానిక్ కావాలని చేస్తున్నాడా? తనని మాన్పించడానికి అమ్మగారే ఏదైనా సాకు వెతుకుతోందా? రెండు రోజులు గుమ్మం బయట నేల తుడుస్తూ ఆ పెట్టెనే కనిపెట్టి చూసింది. మూడో రోజు పాట ఆగగానే, చెప్పుల్లేకుండా నేరుగా లోపలికి నడిచి, తొడుగు కింద అరచెయ్యి పెట్టింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టినట్టు కాలింది.

ఆమెకి ఆ వేడి తెలుసు. కల్లంలో పచ్చి ఆరని మిరపకాయ మీద పట్టా కప్పి వదిలేస్తే లోపల ఇలాగే ఉడుకుతుంది. మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసి, పట్టా తీయించడం ఆమె ఇరవై ఏళ్లు చేసిన పని.

"చెయ్యి తియ్యి. ఎవరు రమ్మన్నారు నిన్ను?" అంది వంటింట్లోంచి వచ్చిన కోటేశ్వరి.

"ఇది ఉడికిపోతందమ్మా. గుడ్డ తీసి చూడండి. రేపంతా ఆగకపోతే నాది తప్పు కాదు. ఆగితే నేనే మానేస్తా."

వీరబాబుకి ఫోన్ చేస్తే, అతను వేడెక్కితే పెట్టె తనంతట తానే ఆగిపోతుందని ఒప్పుకున్నాడు. తాను పని చేసిన ప్రతిసారీ తొడుగు తీసే చేశానన్నాడు. మర్నాడు తొడుగు లేకుండా ఉంచారు. చైతన్యకృష్ణ సాయంత్రం ఇంటికొచ్చేసరికీ పాడుతూనే ఉంది.

"ముందే చెప్పొచ్చుగా," అంది కోటేశ్వరి.

"హాల్లోకి రానిస్తే చెప్పేదాన్నమ్మా. సరే, అయిందేదో అయింది. ఎంకటేశ్వరమ్మ గారికీ, ఆ రెండిళ్లకీ ఫోన్ చేసి చెప్పండి, నా తప్పేం లేదని."

"నేనేమన్నా నిన్ను దొంగ అన్నానా? కాస్త జాగ్రత్తగా ఉండమన్నా, అంతే. ఇప్పుడు మళ్లీ ఫోన్ చేసి ఏమని చెప్పను? నాకు సిగ్గుగా ఉండదూ?"

ఆ ఫోన్ ఆమె చెయ్యలేదు. ఎలీసమ్మే వెంకటేశ్వరమ్మ గారి గుమ్మం ముందు నిలబడి జరిగింది చెప్పుకుంది. అప్పటికే అక్కడ ఇంకో మనిషి గిన్నెలు తోముతోంది. మిగిలిన ఇళ్లలో తాళాలు ఇంకా ఉన్నాయి.

అనుమానం మోయడానికి క్షణం పట్టని ఫోను, నిజం మోయడానికి సిగ్గుపడింది. ఆ సిగ్గువల్ల ఒక మనిషికి పోయిన మంచిపేరు తిరిగి రాలేదు. ఇది చదువుతున్న మీరు ఎప్పుడైనా మీ ఇంట్లో పనిచేసే మనిషి గురించి పక్కింటికి ఒక మాట చేరవేసి ఉంటే, అది తప్పని తర్వాత తెలిసి ఉంటే, దయచేసి ఇవాళే ఆ ఇళ్లన్నిటికీ ఫోన్ చెయ్యండి. ఆమె పేరు పలికి, నేను పొరబడ్డాను, ఆమె తప్పు లేదు అని చెప్పండి. ఆ తర్వాత ఆమెని కూర్చోబెట్టి, ఎవరెవరికి చెప్పారో ఆమెకీ చెప్పండి.