నాగదుర్గ చెప్పని కబురు

నాగదుర్గ ఇప్పుడు ఫిషరీస్ డిగ్రీ చదువుతోంది. నాకు పరిచయమైనప్పుడు తాడేపల్లిగూడెంలోని మా రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ముగించి, ఎంట్రన్స్ కోసం వేసవిలోనూ హాస్టల్లోనే ఉండిపోయింది. నేను అక్కడి పిల్లలకి బోటనీ చెప్పేదాన్ని. తండ్రి జగ్గారావు గారు కలిదిండిలో చేపల చెరువులకి మేత వేసే పని చేస్తారు. ప్రతి ఆదివారం బస్సులు మారి కొరమేను పులుసు తెచ్చేవారు. ఆ క్యారేజీ ముందు నాగదుర్గతో కూర్చునేది ఒక్కతే, కామవరపుకోట పిల్ల వీరదుర్గ. ఆమె తండ్రి మధుబాబు గారు సైన్యంలో, జమ్మూ వైపు ఉండేవారు.

హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా వార్డెన్ సత్యవాణి గారి ఫోన్ మెట్ల కింద బల్ల మీద పెడతారు. వంతు ప్రకారం ఒక అమ్మాయి అక్కడ కూర్చుని, ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తి, పేరు పెట్టి పైకి కేకేయాలి. దాన్ని ఫోన్ డ్యూటీ అంటారు.

2025 మేలో పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన బుధవారం, ప్రేయర్‌లో వీరదుర్గని వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టాం. ఆ రోజు నుంచి ఆమెకి మెస్‌లో రెండో గుడ్డు, స్లిప్ టెస్టు మినహాయింపు, మంచం చుట్టూ పదిమంది. నాగదుర్గకి ఆ మంచం మీద చోటు లేకపోయింది.

"మేత వేసేవాళ్లకి ఎవరు కొడతారండీ చప్పట్లు?" అంది నాతో, నవ్వుతూనే. నేనూ నవ్వేశాను.

గురువారం ఫోన్ డ్యూటీ నాగదుర్గది. ఆరు దాటాక మధుబాబు గారు చేశారు.

"వీరదుర్గని పిలుస్తావా తల్లీ?"

"స్నానానికి వెళ్లిందండీ." ఎందుకలా అనేసిందో తనకే తెలియదు.

"మళ్లీ ఎప్పుడు కుదురుతుందో. బాగానే ఉన్నానని చెప్పమ్మా. నీ పేరేంటి?"

పేరు చెప్పింది. కబురు మాత్రం వీరదుర్గకి చేర్చలేదు. భోజనాలప్పుడు చెబుదామనుకుంటే చుట్టూ మళ్లీ అదే గుంపు. శుక్రవారం ఆయన ఫోన్ రాలేదు. వీరదుర్గ అన్నం ముట్టలేదు. ఇక చెప్పడం మరీ కష్టమైపోయింది.

శనివారం మధ్యాహ్నం నాగదుర్గ నా దగ్గరికొచ్చి అంతా చెప్పింది. ఇంట్లో మా రెండేళ్ల బాబుకి జ్వరం, ఏలూరు బస్సు కోసం కంగారు పడుతున్నాను.

"ఆయనకేమైనా అయితే నావల్లేనా మేడం?"

నువ్వు ఫోన్ ఇవ్వకపోవడానికీ అక్కడ జరిగేదానికీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. ముందు వెళ్లి చెప్పెయ్యమన్నాను.

బట్టలారేసే డాబా మీద చెప్పిందట. వీరదుర్గ చేతిలోని బకెట్ కింద పెట్టింది.

"నాకు తెలుసే. అప్పుడు మెట్ల మీదే ఉన్నా."

"మరి దిగలేదేంటే?"

"నువ్వు లేదన్నావుగా, హమ్మయ్య అనుకున్నా. నాన్న గొంతు వింటే ఏడ్చేస్తాను. నేనేడిస్తే అక్కడ ఆయనకి ఎలా ఉంటుంది?"

"మరి అన్నం మానేశావెందుకు? నా మీద కోపం అనుకున్నా."

"దిగనందుకు నా మీద నాకే. అయినా మీ నాన్న ప్రతివారం కనబడతాడు. ఆ క్యారేజీ ఒక్కోసారి విసిరికొట్టాలనిపించేదే నాకు."

తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లింది నాగదుర్గ. "బాగానే ఉన్నానని చెప్పమన్నారు" అంది చివరికి.

వీరదుర్గ దాని వీపు మీద ఒక్కటి చరిచింది. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!"

ఆ సాయంత్రమే కాల్పులు ఆపుతున్నట్టు వార్త వచ్చింది. ఆదివారం ఫోన్ మోగితే నాగదుర్గే పరుగెత్తుకెళ్లి ఎత్తింది.

"నాగదుర్గవేనా? నా మాట చెప్పావా తల్లీ?"

"చెప్పానండీ" అని ఫోన్ వీరదుర్గ చేతిలో పెట్టేసింది.

సోమవారం క్లాసయ్యాక నా బల్ల దగ్గర నిలబడింది. "చెప్పానని ఆయనతో అన్నాను. అది నిజమేనా మేడం?"

"ఎప్పుడు చెప్పావని ఆయన అడగలేదుగా" అన్నాను.

"అందుకేనండీ మిమ్మల్ని అడుగుతున్నాను" అంది.