ఏడు నిమిషాల తిండి

అట్టలాయన కొట్టు గోడకు ఒక బోర్డు వేలాడుతుంటుంది: ‘ప్రెస్సులో పెట్టింది రేపటిదాకా తీయబడదు. అడగవద్దు.’ పుస్తకాలకు బైండింగు చేయడం ఆయన వృత్తి. జిగురు పూసి, అట్ట అతికించి, ఇనప ప్రెస్సు పలకల మధ్య పుస్తకాన్ని పెట్టి చక్రం బిగించాడంటే, దేవుడు దిగివచ్చి అడిగినా మర్నాడు పొద్దుటిదాకా వదలడు. ఇవాళే ఆఖరు తేదీ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న కాలేజీ పిల్లల్నీ, కోర్టు వేళ దాటిపోతోందని కాళ్ళావేళ్ళా పడ్డ వకీలు గుమాస్తానూ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు. పుస్తకం మాత్రం ఇవ్వలేదు. తడి ఆరకముందే తీస్తే అట్ట వంకర పోతుందని, ఆ వంకర ఇక జన్మలో తీరదని ఆయన వాదన.

ఇంత నిదానస్తుడికి దొరికిన ఇల్లాలు సిటీ బస్సు డ్రైవరు. పన్నెండేళ్ళుగా ఒకటే రూటు. చివరి స్టాపులో బండి తిప్పుకుని మళ్ళీ బయలుదేరడానికి ఆవిడకు దొరికేది ఏడు నిమిషాలు. దిగి, మొహం కడుక్కుని, టైర్లు ఓసారి చూసి, టైం కీపరు దగ్గర సంతకం పెట్టేసరికి ఆరు నిమిషాలూ హారతి కర్పూరం. మిగిలిన ఒక్క నిమిషం క్యారేజీ మూత తీయడానికే చాలదు. పైగా తన బస్సులో ఒక్క మెతుకు రాలినా ఆవిడ సహించదు. వేరుశనక్కాయల తొక్కలు రాల్చిన ప్రయాణికుడి చేతే బస్సు ఊడిపించిన మనిషి.

“తిన్నావా?” అని అట్టలాయన రోజూ సాయంత్రం అడిగేవాడు.

“తిన్నానండీ.”

క్యారేజీ ఖాళీగానే వచ్చేది కాబట్టి ఆయన నమ్మేవాడు. అందులోది కండక్టరు తింటున్నాడని, ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయిన రోజున గానీ బయటపడలేదు. బండి చివరి స్టాపులో ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. డిపో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, జబ్బేమీ లేదు, వేళకు తినకపోవడమే జబ్బు అని తేల్చాడు. ఆరు వారాల తర్వాత మళ్ళీ చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే స్టీరింగు వదిలేసి పాసుల కౌంటర్లో కూర్చోవాల్సిందేనని ఖరాఖండిగా చెప్పాడు. గింజలో పప్పులో, కడుపులో నిలబడేదేదైనా వేళకింత నమలమన్నాడు.

“పన్నెండేళ్ళు ఊరంతా నా అద్దంలోంచి చూశానండీ,” అంది ఆవిడ ఇంటికొచ్చి. “ఇప్పుడు ఆ కౌంటరు కంతలోంచి జనం చేతులు మాత్రం చూస్తూ కూర్చోమంటే నా వల్ల కాదు.”

“చూద్దాంలే,” అన్నాడు అట్టలాయన. బండి నడుస్తుండగా పడి ఉంటే అన్న ఆలోచన మాత్రం ఆయన్ను అన్నం తిననివ్వలేదు.

బైండింగుకొచ్చిన ప్రతిదాన్నీ చదివే అలవాటు ఆయనకుంది. ఆ వారం వచ్చిన పాత పత్రికల కట్టలో గింజలూ తేనే కలిపి బిళ్ళలుగా కోసే గ్రనోలా బార్లు ఇంట్లో చేసుకునే పద్ధతి కనబడింది. ఒంటి చేత్తో తినొచ్చు, పాత్రా చెంచా అక్కర్లేదు, సరిగ్గా కుదిరితే ఒక్క పలుకు రాలదు. తన ఇల్లాలి కోసమే ఎవరో రాసినట్టు అనిపించింది.

వాళ్ళింట్లో కొట్టు ముందు గదిలో, వంటిల్లు వెనక గదిలో. ఓట్సు, బాదం, గుమ్మడి గింజలు దోరగా వేయించి, నూరిన ఖర్జూరమూ తేనే కలిపి, పళ్ళెంలో పరిచి ఓవెన్లో పెట్టాడు. తీసి, పొగలు కక్కుతుండగానే రూళ్ళకర్ర పెట్టి కోశాడు. అంతా పొడిపొడిగా విడిపోయింది. వాళ్ళతోనే ఉండే అత్తగారు ఆ పొడిలో పాలు పోసుకుని చెంచాతో తిని, “ఇంత బాగుంటే ఇంకా కోయడమెందుకు అల్లుడూ?” అంది.

రెండోసారి తేనె రెట్టింపు పోశాడు. అది దవడలకు అతుక్కుపోయి, టైం కీపరు ఏదో అడిగితే ఆవిడ తల మాత్రం ఊపగలిగింది. మూడోసారి, వాడకుండా మూలన పడేసిన చిన్న ప్రెస్సును కడిగి ఎండబెట్టి, వెన్న కాగితం పరిచి, ఓవెన్లోంచి తీసిన పళ్ళెం అందులో పెట్టి, లావుపాటి రిజిస్టరును బిగించినట్టు బలంకొద్దీ బిగించాడు. అక్షరాలా కొరకరాని కొయ్య తయారైంది.

“కండక్టరు దాన్ని వెనక చక్రం కింద పెట్టి చూశాడండీ,” అంది ఆవిడ. “బండి కదల్లేదు.”

రెండు వారాలు గడిచిపోయాయి. నాలుగోసారి సన్నపాటి పుస్తకానికి బిగించినట్టు తేలిగ్గా బిగించాడు. అయిదు నిమిషాలకోసారి చక్రం వదులు చేసి తొంగిచూడటం, మళ్ళీ బిగించడం. పావుగంటకు ఉండబట్టలేక తీసేశాడు. మళ్ళీ పొడే.

అత్తగారు చెంచాతో సహా వచ్చి, గోడ వంక చూసింది.

“ఈ బోర్డు ఎవరికోసం అల్లుడూ?”

“వచ్చేవాళ్ళ కోసం అత్తయ్యా.”

“రాసినవాళ్ళకి వర్తించదన్నమాట. ఎవరి పుస్తకానికో అయితే రేపటిదాకా, నా కూతురు తినేదానికి పావుగంటా?”

అట్టలాయన స్టూలు మీద కూలబడ్డాడు. “భయమేస్తోంది అత్తయ్యా. రోజులు దగ్గర పడుతున్నాయి. చెయ్యి ఆగడం లేదు.”

అత్తగారు అయిదోసారి కలిపించి, చక్రం బిగించేదాకా చూసి, ఆయన్ను ఆ కొట్లోనే కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళిచ్చింది. ఎంతమందికో ఆయన ఇచ్చిన గ్లాసు అదే. ప్రెస్సు జోలికి వెళితే ఊరుకోనని చెప్పి, ఎదురుగా తనూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న తీస్తే పళ్ళెం మొత్తం చల్లగా, ఒక్క పలకలా వచ్చింది. కత్తి పెడితే అంచులు కత్తిరించిన పుస్తకంలా నున్నగా తెగాయి. ఆరు బార్లు, వారానికి ఆరు డ్యూటీలు. ఒక్కోదాన్నీ వెన్న కాగితంలో చుట్టి, బైండింగుకొచ్చిన పుటలు తారుమారు కాకుండా వేసే అంకెల్లాగే, ఆ కాగితాల మీదా పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని వేశాడు. అలా వేయమని ఎవరూ చెప్పలేదు. చేతికి అలవాటు. తర్వాతి వారాల్లోనూ ఏడు, ఎనిమిది అని అదే వరస కొనసాగించాడు.

“తిన్నావా?” అని సాయంత్రం మళ్ళీ అడిగాడు.

“తిన్నానండీ.”

ఇదివరకూ ఇదే మాట. నాలుగు వారాలూ ఆయనకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. కండక్టర్ని అడుగుదామని రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. పెళ్ళాం మాట నమ్మక పరాయివాడిని అడగడానికి మొహం చెల్లలేదు.

పరీక్ష రోజు ఆవిడ డిపో నుంచి తిన్నగా కొట్లోకే వచ్చింది, యూనిఫాం కూడా మార్చుకోకుండా. డాక్టరిచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. బస్సు నడపడానికి అన్ని విధాలా తగినవారు అని రాసి ఉంది. అట్టలాయన రెండుసార్లు చదివాడు. అక్షరాలు అలుక్కుపోతుంటే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆవిడ జేబులోంచి ఇంకో కట్ట తీసింది. మడత నలగకుండా దాచిన వెన్న కాగితాలు.

“వీటికి అట్ట వేయండి,” అంది. “మీరు నమ్మట్లేదని తెలుసండీ. నమ్మకపోవడం మీ తప్పూ కాదు.”

ఆయన అలవాటుగా అంకెలు సరిచూడటం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగు ఉండాలి.

“పదకొండోది ఏదీ?”

“ఆ రోజు బస్సులో ఒకావిడ సొమ్మసిల్లిందండీ. పొద్దుట్నించీ ఏమీ తినలేదట. నాకు నేనే గుర్తొచ్చా. ఇచ్చేశా.”

“మరి నువ్వు?”

“కండక్టరు క్యారేజీ లాక్కుని తిన్నా. ఇన్నేళ్ళూ నాది వాడు తిన్లేదా?”

అట్టలాయన నవ్వాడు. నవ్వుతూనే అదే కొలతకు ఒక తెల్ల కాగితం కోసి, దాని మీద పదకొండు వేసి, పదికీ పన్నెండుకీ మధ్య పెట్టాడు. కుట్టి, తన దగ్గరున్న వాటిలో మేలైన నీలం గుడ్డతో అట్ట వేసి, పెద్ద ప్రెస్సులో పెట్టి చక్రం బిగించాడు. పక్కనే చిన్న ప్రెస్సులో వచ్చే వారం బార్లు చల్లారుతున్నాయి.

“ఎప్పుడిస్తారు?” అంది ఆవిడ.

ఆయన కుర్చీ లాగి వేసి, మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.